పేరు కొట్టించిన సామాన్లు

పర్లాకిమిడిలో మా ఇంట్లో ఏ గిన్నె తిరగేసినా ఎవరో ఒకరి పేరు కనిపించేది. నాయనమ్మ సారెలో వచ్చిన ఇత్తడి బిందె మీద ఆవిడ పేరు, పుట్టింటి ఊరి పేరు, 1936 అని. అమ్మ కావిడి సామాన్లలో వచ్చిన గుండిగ మీద అమ్మ పేరు, 1966 అని. గృహప్రవేశానికి మేనత్త ఇచ్చిన కూజా, నోము తీర్చుకుని పక్కవీధి పిన్ని వాయనమిచ్చిన పళ్ళెం, పోయినవాళ్ళ పదకొండో రోజున పంచిన చెంబులు, గ్లాసులు. నేను అక్షరాలు కూడబలుక్కోవడం సగం పలక మీద నేర్చుకుంటే, సగం గిన్నెల అంచుల మీద నేర్చుకున్నాను.

కొన్నిటి మీద తెలుగు, కొన్నిటి మీద ఒడియా. మా ఊరు అలాంటిది. బజారులో ఒక కొట్టు బోర్డు ఇటు చదవాలి, పక్క కొట్టు బోర్డు అటు చదవాలి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, గుళ్ళో రెండూ. గిన్నెలూ అంతే.

బిందె మీది 1936 గురించి కొంచెం చెప్పాలి. ఆ ఏడాది ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రమైంది. అంతవరకు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న పర్లాకిమిడి ఒడిశాలోకి వెళ్ళింది. పక్కనే ఉన్న పాతపట్నం మద్రాసులోనే ఉండిపోయింది. మా ఊళ్ళో ఏళ్ళ తరబడి పాఠాలు చెప్పి, సవర భాషకు వ్యాకరణం, నిఘంటువు రాసిన గిడుగు రామమూర్తి పంతులు గారు అప్పుడే ఊరు విడిచి రాజమండ్రి వెళ్ళిపోయారు. ఆయన వెళ్ళిన ఏడే మా నాయనమ్మ పాతపట్నం అవతలి పల్లె నుంచి కొత్త కోడలిగా ఎడ్లబండి మీద వచ్చింది. పుట్టిల్లు ఒక రాష్ట్రం, మెట్టినిల్లు ఇంకో రాష్ట్రం. బండిలో ఆవిడ పక్కన ఈ బిందె. "నాను వొచ్చీటప్పటికి రాజ్జెం మారిపోనాది గానీ బిందె మారలేదు" అనేది నాయనమ్మ.

పేర్లు కొట్టే ఆయన బజారులో సామాన్ల కొట్టు అరుగు మీద కూచునేవాడు. చిన్న ఉలి, చిన్న సుత్తి, గిన్నె కదలకుండా కాళ్ళ మధ్య గోనెపట్టా. ముందు సుద్దతో పేరు రాసుకుని, ఆ గీత వెంబడే చుక్క, చుక్క, చుక్క. అక్షరానికి ఇంత అని లెక్క. ఒత్తుకు వేరే డబ్బులా, అది అక్షరంలో భాగమేనా అని బేరం ఆడేవాళ్ళు. అందుకే మా సామాన్లలో చాలావాటి మీద ఇంటిపేరు పొడి అక్షరంగా మిగిలిపోయింది. "జ్ఞాపకార్థం" అని పూర్తిగా కొట్టించే స్తోమత అందరికీ ఉండేది కాదు. "జ్ఞా" అని కొట్టి చుక్క పెట్టి వదిలేసేవాడు. ఆ ఒక్క అక్షరం ఉందంటే ఆ మనిషి లేనట్టు. మాకది చిన్నప్పుడే తెలుసు.

మా వీధికి కళాయి వేసే అతను వచ్చిన రోజు నేను బడి ఎగ్గొట్టడానికి ఏడ్చేదాన్ని. వేపచెట్టు కింద చిన్న గొయ్యి తవ్వి, బొగ్గులు పోసి, తోలు తిత్తి బిగించేవాడు. గిన్నెలో ఇసక, గుడ్డపీలిక వేసి, దానిలో కాళ్ళు పెట్టి, గోడ పట్టుకుని నడుం ఇటూ అటూ తిప్పుతూ తోమేవాడు. కిలుమంతా పోయాక గిన్నెను నిప్పుల మీద పెట్టి పట్టకారుతో తిప్పుతూ ఉండేవాడు. సరిగ్గా ఒక వేడి దగ్గర నవాసాగరం పొడి చల్లితే తెల్లటి పొగ గుప్పున లేచేది. ముక్కు మండిపోయేది. ఆ పొగలోనే తగరం కడ్డీ ఒకసారి తాకించి, పత్తితో గబగబా రాసేవాడు. అప్పటిదాకా నల్లగా ఉన్న గిన్నె లోపలి నుంచి వెండి వెలుగు పాకుతూ అంచుదాకా వచ్చేది. వెంటనే నీళ్ళలో ముంచితే సుంయ్ మని శబ్దం. ఇంతా చేసి, అతను బయటివైపు పేరున్న చోట మాత్రం మసి అంటకుండా తడి మట్టి పూసేవాడు. అమ్మ చెప్పకుండానే పూసేవాడు.

పెద్దయ్యాక నేను విశాఖపట్నంలో ఒక బళ్ళో డ్రాయింగ్ టీచర్ని అయ్యాను. పిల్లలకు బల్ల మీద ఒక చెంబు, ఒక గ్లాసు, రెండు పళ్ళు పెట్టి, వెలుగు ఎటు పడుతోంది, నీడ ఎటు పోతోంది అని చెప్పడమే ఉద్యోగం. చెంబు గుండ్రం రావాలి, మెరుపు తెల్లగా వదిలెయ్యాలి. నాకు తెలిసిన కళ అంతవరకే. చెంబు బొమ్మ వేస్తాం, చెంబును మాత్రం తీసి బీరువాలో పెట్టి తాళం వేస్తాం. ఆ చెంబే బొమ్మ అవుతుందని నాకు ఎవరూ చెప్పలేదు.

అది నాకు కొచ్చిలో తెలిసింది. 2012 డిసెంబరు 12న అక్కడ మొదటి బినాలే, అంటే రెండేళ్ళకోసారి జరిగే పెద్ద కళా ప్రదర్శన, మొదలైంది. మా తమ్ముడు అప్పుడు ఎర్నాకుళంలో పనిచేసేవాడు. సెలవుల్లో వెళ్ళినప్పుడు ఫోర్ట్ కొచ్చికి తీసుకెళ్ళాడు. అక్కడ సుబోధ్ గుప్తా అనే కళాకారుడు పెట్టిన పడవ చూశాను. నిజమైన కేరళ పడవ, చాలా పొడుగైనది. దాని నిండా సంసారం: మంచం, కుర్చీలు, వలలు, వంటపాత్రలు, ఒకదాని మీద ఒకటి, తాళ్ళు కట్టి. ఒక ఇంటిని అలాగే ఎత్తి పడవలో పెట్టినట్టుంది. మనుషులు మాత్రం లేరు. నేను దాని చుట్టూ తిరుగుతూనే ఉన్నాను. తమ్ముడు టీ తాగి వచ్చాడు, నేను ఇంకా అక్కడే ఉన్నాను.

తర్వాత ఆయన గురించి దొరికినంత చదివాను. బీహారులో పట్నా పక్కన ఖగౌల్ అనే రైల్వే ఊళ్ళో 1964లో పుట్టారు. చదివింది బొమ్మలు వెయ్యడమే. 1996లో మొదటిసారి కుంచె పక్కనపెట్టి, 29 చెక్కపీటలు తీసుకుని ఒక పని చేశారు. కూచుని అన్నం తినే పీటలు! ఆ తర్వాత స్టీలు సామాన్లకు వచ్చి, గిన్నెలు, పళ్ళేలు, చెంబులతో పెద్ద పుర్రె చేశారు, ఆకాశంలోకి లేచిన అణుమేఘం చేశారు. ఆ మేఘం ఢిల్లీలో సాకేత్‌లో ఉంది, అదీ చూశాను. టన్నుల కొద్దీ స్టీలు. కింద నిలబడితే భయం వేస్తుంది, వెయ్యాలనే చేశారు. కానీ నా మనసు పడవ దగ్గరే ఆగిపోయింది. మేఘంలోని గిన్నెలు కొత్తవి, ఎవరి పొయ్యీ ఎక్కనివి. పడవలోని సామాన్లకు మసి ఉంది, సొట్టలున్నాయి. ఎవరో ఆ కుర్చీలో కూచుని లేచారు. ఆ కుర్చీ ముందు నేను వేయించిన చెంబు బొమ్మలన్నీ వెలవెలబోయాయి.

ఆ సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు అమ్మకు ఫోనులో ఆ పడవ ఫొటో చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది.

"ఎవులివే అయ్యన్నీ?" అంది.

"ఎవరివో తెలీదమ్మా. ఒక ఆర్టిస్టు పోగుచేసి పెట్టాడు."

"మరి పేర్లు లేవా వాటి మీద?"

"లేవు."

"అయితే పాపం, అడిగినోల్లకి ఎలగ ఇత్తారు?"

పడవలో సామాన్లు సర్దుకున్నవాళ్ళు ఎక్కడో ఉన్నారని, ఏదో ఒకరోజు వచ్చి అడుగుతారని అమ్మ అనుకుంది. ఎంతోమంది రాసిన వ్యాసాలు చదివాను గానీ, ఆ పడవను అంత సూటిగా పట్టుకున్న మాట నాకు కనిపించలేదు.

మా ఇంట్లో పేరు ఉండేది అందుకే. గిన్నె ఎప్పుడూ ఒక ఇంట్లో ఉండదు. పెళ్ళికి పోతుంది, సమర్తకు పోతుంది, పక్కింటికి పులుసు తీసుకుని పోతుంది. పేరుంటే తిరిగి వస్తుంది. మా పక్కింటి మౌసి, అంటే పిన్ని, ఒడియా వాళ్ళు. వాళ్ళ రజో పండక్కి వాళ్ళింటి నుంచి అరిటాకులో కాల్చిన పొడ పిఠా మా ఇంటికి వచ్చేది, సంక్రాంతికి మా అరిసెలు వాళ్ళింటికి వెళ్ళేవి. ఏ ఇంటి గిన్నె అయినా ఖాళీగా వెనక్కి వెళ్ళకూడదు. కనీసం నాలుగు పటిక బెల్లం ముక్కలైనా వెయ్యాలి. దాంతో ఒక గిన్నె వెళ్ళడం, ఇంకో గిన్నె రావడం, అది తిరిగి వెళ్ళేలోపు మరో పండగ రావడం, ఇలా ఏళ్ళ తరబడి నడిచింది.

ఇత్తడి ఇంట్లోంచి పోయింది కూడా ఆ రోజుల్లోనే. స్టీలు వాడు తట్ట నెత్తిన పెట్టుకుని వచ్చేవాడు. పాత జరీ చీరలిస్తే స్టీలు డబ్బా, ఇత్తడి బరువు తూచి ఇస్తే స్టీలు కేను. తోముకునే ఓపిక లేదు, కళాయి వేసేవాళ్ళు రావడం మానేశారు, చింతపండు ధర పెరిగింది. నేను తప్పుపట్టను. బూడిద, కొబ్బరిపీచు పట్టుకుని గంగాళాలు తోమిన చేతులకు స్టీలు ఎంత సుఖమో తోమినవాళ్ళకే తెలుసు. అయినా అమ్మ ఒక పద్ధతి పెట్టుకుంది. పేరున్నది తూకానికి వెయ్యదు. పేరు లేనివన్నీ పోయాయి: బుడితి నుంచి తెచ్చిన పెద్ద పళ్ళేలు, ఇత్తడి సిబ్బెలు, మూతలు. పేరున్న బిందె, గుండిగ, కూజా, మౌసి వాళ్ళ కంచు గిన్నె ఉండిపోయాయి. కొలతల్లో సోల, తవ్వ, అడ్డ పోయి, తాతయ్య పేరున్న కుంచం ఒక్కటే మిగిలింది.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. శ్రీకాకుళం జిల్లా కొబ్బరితోటలు, జీడితోటలు ఏమయ్యాయో అందరికీ తెలుసు. మా గజపతి జిల్లాలో కొండలు జారాయి. బరఘర అనే పల్లెలో కొండచరియ కింద మనుషులే పోయారు. దాని ముందు మా నష్టం లెక్కలోకి రాదు. మా ఇంటి వెనక భాగం పెంకులు లేచిపోయి, గోడ ఒకటి కూలింది. వాన రాత్రంతా బీరువా మీద, ట్రంకుపెట్టెల మీద కురిసింది. అమ్మ, నాన్నల పెళ్ళి ఫొటోలు, నాయనమ్మ ఉన్న ఒకే ఒక్క ఫొటో, నాన్న ఉత్తరాలు, మా బడి పుస్తకాలు అన్నీ ఒకదానికొకటి అతుక్కుపోయాయి. విడదీస్తే మొహాలు పక్క కాగితానికి అంటుకుని వచ్చేశాయి.

గిన్నెలకు ఏమీ కాలేదు. బురద కడిగితే పేర్లు పైకి వచ్చాయి. ఇప్పుడు నాయనమ్మ ఈ ఊళ్ళో ఉండేదనడానికి చూపించగలిగింది ఆ బిందె ఒక్కటే.

అమ్మ 2022 వేసవిలో పోయింది. ముందురోజు సాయంత్రం కూడా కత్తిపీట ముందు కూచుని మామిడికాయ తరిగింది.

పదకొండో రోజుకు పంచడానికి స్టీలు గిన్నెలు తీసుకున్నాం. వాటి మీద అమ్మ ఫొటో స్టిక్కరు అంటిద్దామని ఒకరన్నారు, రెండు తోముళ్ళకు ఊడిపోతుందని మా చెల్లి ఒప్పుకోలేదు. ఉలితో కొట్టే ఆయన ఎప్పుడో పోయాడు. ఇప్పుడు కొట్లో కరెంటు పెన్ను పెట్టుకున్న కుర్రాడు ఉన్నాడు. ఒడియా రాస్తాడు, హిందీ రాస్తాడు, ఇంగ్లీషు రాస్తాడు. తెలుగు రాదు. నేను కాగితం మీద పెద్ద అక్షరాలతో అమ్మ పేరు రాసి ఇచ్చాను. దాన్ని ఎదురుగా పెట్టుకుని బొమ్మ గీసినట్టు గీశాడు. "క్ష్మి" దగ్గర ఆగిపోయి, ఇది ఒక అక్షరమా మూడా అని ఒడియాలో అడిగాడు. ఒకటే అన్నాను. మొదటి గిన్నె మీద గుడి ఎక్కువ వంకర తిరిగింది. పది గిన్నెలు అయ్యేసరికి చెయ్యి కుదిరింది. చివరిది ఎంత అందంగా వచ్చిందంటే, అదే నేను ఉంచుకున్నాను. కింద తేదీ. దాని ముందు "జ్ఞా", చుక్క.

పెద్దకర్మ అయ్యాక ఇల్లు ఖాళీ చెయ్యాల్సి వచ్చింది. ముగ్గురం మూడు ఊళ్ళలో ఉన్నాం. అమ్మ దాచినవి చూస్తుంటే చెయ్యి ఆడలేదు. రబ్బరు బ్యాండ్ల ఉండ, కడిగి ఆరబెట్టిన నూనె ప్యాకెట్లు, సీసా మూతలు, తాడు ముక్కలు, పెళ్ళికార్డుల వెనక రాసుకున్న పాలలెక్క. చెల్లెలి కూతురు ఆంధ్రా యూనివర్సిటీలో ఫైన్ ఆర్ట్స్ చదువుతోంది. అది ఆ రాత్రి నా పక్కన కూచుని లాప్‌టాప్‌లో ఒక పని చూపించింది.

"పెద్దమ్మా, ఇది చూడు. అమ్మమ్మ గదే ఇది" అంది.

అది సాంగ్ డాంగ్ అనే చైనా కళాకారుడిది. ఆయన తండ్రి 2002లో పోయారు. తల్లి ఆ దుఃఖంలోంచి బయటికి రాలేక, ఏ వస్తువూ పారెయ్యకుండా ఇల్లంతా నింపేసుకుంది. ఆయన ఆవిడతో, ఇవన్నీ బయటపెట్టి సర్దుదాం, ఇదే మనిద్దరి పని అన్నాడు. 2005లో బీజింగ్‌లో మొదటిసారి పరిచారు. పదివేలకు పైగా వస్తువులు: ఖాళీ టూత్‌పేస్టు గొట్టాలు, సీసా మూతలు, గుడ్డముక్కలు, చెప్పులు, ఇంటి చెక్క వాసాలు కూడా. పేర్చింది తల్లే. చూడ్డానికి వచ్చినవాళ్ళతో ఆ వస్తువుల కథలు చెప్పింది కూడా తల్లే. వాటిలో సబ్బులున్నాయి. రేషన్ రోజుల్లో కొడుకు పెద్దయ్యాక సబ్బుకు కష్టపడకూడదని దాచినవి, రాళ్ళయిపోయినవి. వాషింగ్ మెషీన్ ఉన్న కొడుకు వాటిని వద్దనలేక తీసుకున్నాడు. ఆవిడ 2009లో పోయింది. ఆ పని మాత్రం దేశాలు తిరిగింది.

నాకు తెలిసిన ఇలాంటి కళాకారులందరిలో నేను ఎక్కువ గౌరవించేది సాంగ్ డాంగ్‌ను. మిగతావాళ్ళు, మనుషులు పోయాక వెనక్కి తిరిగి చూశారు. ఆయన తల్లి ఉండగానే, ఆమె దుఃఖానికి ఒక పని కల్పించాడు. పడవ గురించి అమ్మ అడిగిన ప్రశ్న సాంగ్ డాంగ్‌ను అడగనక్కర్లేదు. ఎవరివి అంటే, మా అమ్మవి అని అక్కడే చెబుతున్నాడు.

అమ్మ వస్తువుల్లో ఒకటి నేను ఎవరికీ ఇవ్వలేదు. కొమ్ము దువ్వెన. కొమ్ము పనికి మా ఊరు పేరుపొందింది. ఆవుదూడలు, కొంగలు, దువ్వెనలు చేస్తారు. అమ్మ దువ్వెన తేనెరంగుది, వెలుతురులో పెడితే అవతల వేలు కనిపిస్తుంది. ఒక చివర పళ్ళు విరిగాయి. మధ్య పళ్ళలో రెండు తెల్లవెంట్రుకలు చుట్టుకుని ఉన్నాయి. దాని మీద పేరు లేదు. అవసరం లేదు, ఇంకొకరు వాడేది కాదు కనక. నేను కడగలేదు.

కొలంబియాలో డోరిస్ సల్సేడో అని ఒక శిల్పి ఉన్నారు, 1958లో పుట్టారు. అక్కడి హింసలో మనుషుల్ని పోగొట్టుకున్న కుటుంబాల దగ్గరికి ఏళ్ళ తరబడి వెళ్ళి, వాళ్ళు చెప్పింది విని పనిచేస్తారు. పాత బీరువాల్లో, కుర్చీల్లో కాంక్రీటు పోసి మూసేస్తారు. బట్ట అంచు ఒకటి సిమెంటులోంచి కనిపిస్తూ ఉంటుంది. 1990ల్లో చేసిన ఒక వరసలో, వేర్వేరు బల్లలు విరిచి కలిపి, చెక్కలో సన్నని చిల్లులు పెట్టి, మనిషి వెంట్రుకలతో, పట్టుదారంతో కుట్టారు. దూరం నుంచి మామూలు భోజనాల బల్ల, దగ్గరికి వెళితే వెంట్రుకలు. ఆ కుటుంబాలు పోగొట్టుకున్నదానికీ, ఎనభై దాటి నిద్రలో పోయిన మా అమ్మకూ పోలిక తేవడం తప్పు, నేను తేవడం లేదు. కానీ వెంట్రుక ముందు చెయ్యి ఎందుకు ఆగుతుందో ఆవిడ బల్ల చూశాకే నాకు అర్థమైంది.

సామాన్లు సర్దుతుంటే పాలగిన్నెల వెనక మౌసి వాళ్ళ కంచు గిన్నె దొరికింది. అంచు మీద ఒడియా అక్షరాలు, గుండ్రటి తలకట్లతో. మౌసి పోయి చాలాకాలమైంది. వాళ్ళ పిల్లలు ఇల్లమ్ముకుని బ్రహ్మపురం వెళ్ళిపోయారు. వెళ్ళేటప్పుడు ఈ గిన్నె మా ఇంట్లో ఉంది, వెనక్కి పంపడానికి పండగ రాలేదు.

దీని గురించి చెల్లెలి కూతురితో మాట్లాడుతున్నప్పుడే జరీనా గారి ప్రస్తావన వచ్చింది. జరీనా హష్మీ అనే చిత్రకారిణి, 1937లో అలీగఢ్‌లో పుట్టారు, 2020లో లండన్‌లో పోయారు. దేశ విభజన తర్వాత కుటుంబం పాకిస్తాన్ వెళ్ళింది, ఆవిడ ఊళ్ళూ దేశాలూ తిరుగుతూ బతికారు. కరాచీలో ఉన్న అక్క రాణి ఆవిడకు ఉర్దూలో ఉత్తరాలు రాసి, పోస్టు చెయ్యకుండా దాచుకుంది. అమ్మానాన్నల మరణం గురించి, ఇల్లు అమ్మేయడం గురించి రాసినవి. ఏళ్ళ తర్వాత అవి చేతికి వస్తే, 2004లో జరీనా ఆ చేతిరాతనే అచ్చుదిమ్మెగా చేసి, దాని మీద ఇళ్ళ నక్షాలు, ఊళ్ళ పటాలు నల్లసిరాతో అచ్చువేశారు. ఉర్దూ నాకు రాదు. అయినా ఆ కాగితాల మీద రాసిన చెయ్యి కనిపిస్తుంది. ఒడియా చదవలేని నాయనమ్మ మౌసి గిన్నెను చీకట్లో వేలితో తడిమి గుర్తుపట్టేది. ఇదీ అలాంటిదే.

ఆ పిల్ల వేసవి సెలవులు అయ్యేలోపు ఒక పని మొదలుపెట్టింది. పల్చటి కాగితం తెచ్చి, గిన్నె మీద పేరున్న చోట చుట్టి, మెత్తటి పెన్సిల్ కడ్డీ అడ్డంగా పెట్టి రుద్దుతుంది. పేరు తెల్లగా, చుట్టూ నల్లగా కాగితం మీదికి వస్తుంది. నాణెం మీద కాగితం పెట్టి మనమంతా చిన్నప్పుడు చేసిందే. కానీ ఇక్కడ పేరు ఒక్కటే రాలేదు. బూడిద పెట్టి తోమిన గీతలు వచ్చాయి, గుండ్రంగా, ఒకే వైపు తిరుగుతూ. అమ్మ గుండిగ మీద ఆ గీతలు ఎడమకు తిరిగాయి. అమ్మది ఎడమచేతి వాటం. అది మాకు తెలియని సంగతేం కాదు గానీ, కాగితం మీద చూసేసరికి చెల్లి లేచి బయటికి వెళ్ళిపోయింది.

నాయనమ్మ బిందె దగ్గర ఇంకో సంగతి బయటపడింది. పేరులో ముందు అక్షరాలు బాగా వచ్చాయి, ఊరిపేరు సగం, 1936 పూర్తిగా వచ్చాయి. మధ్యలో రెండు అక్షరాలు అసలు రాలేదు. కాగితం మార్చి, మళ్ళీ రుద్దింది. రాలేదు. బిందె చేతిలోకి తీసుకుని నడుం మీద పెట్టుకుని చూస్తే తెలిసింది: పేరు కొట్టిన చోటే ఒంటికి ఆనుతుంది. మహేంద్రతనయ నుంచి, తర్వాత వీధి కుళాయి నుంచి, రోజూ నీళ్ళు మోసిన నడుం ఆ రెండు అక్షరాలను అరగదీసింది. చెల్లెలి కూతురు ఆ ఖాళీని ఖాళీగానే ఉంచింది.

దానికీ నాకూ ఒక్క విషయంలో వాదన వచ్చింది. కాగితాలతో పాటు గిన్నెల్ని కూడా తీసుకెళ్ళి, తెల్లటి దిమ్మెల మీద లైటు వేసి పెడదామంది. వద్దన్నాను. పెద్ద కళాకారులు చేసిన పనికి నేను వంక పెట్టడం లేదు. వాడకం ఆగిపోయిన వస్తువులోనే వాళ్ళు లేనివాళ్ళను చూపించారు. మా ఇళ్ళ పద్ధతి వేరు. పోయినవాళ్ళ పేరున్న గ్లాసులో మజ్జిగ పోసుకుని తాగుతాం. "తాతయ్య గ్లాసు ఇలా పట్టు" అని, తాతయ్యను ఎప్పుడూ చూడని పిల్లాడితో అంటాం. పేరు తోముడుకు అరగాలి, పులుసుకు నల్లబడాలి. కాగితాలు గోడ మీదికి వెళ్ళనీ, గిన్నెలు వంటింటికి రానీ అన్నాను. రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు తనే వచ్చి, "సరే పెద్దమ్మా, కాగితం కింద ఆ గిన్నె ఇప్పుడు ఎవరింట్లో ఉందో, అందులో ఏం వండుతున్నారో రాస్తాను" అంది. అది నా ఆలోచన కంటే మంచిది.

ఇల్లు కొనుక్కున్నవాళ్ళు పడగొట్టి అపార్టుమెంటు కట్టారు. లండన్‌లో రేచల్ వైట్‌రీడ్ అనే శిల్పి 1993లో కూల్చబోయే ఒక ఇంటి లోపల కాంక్రీటు పోసి, గోడలు తీసేసి, లోపలి ఖాళీని నిలబెట్టారు. దాన్నీ 1994 జనవరిలో కూల్చేశారు. ఆ ఫొటోలో పొయ్యి గూళ్ళు, తలుపుల అచ్చులు చూసినప్పుడు మా దేవుడి గూడు గుర్తొచ్చింది. అంతకు మించి దాని గురించి మాట్లాడాలని లేదు.

ఇప్పుడు బిందె చెల్లి దగ్గర ఉంది, మంచినీళ్ళు పోసుకుంటున్నారు. గుండిగ నా దగ్గర. కుంచం తమ్ముడి దగ్గర, భువనేశ్వర్‌లో, బియ్యం డబ్బాలో. మౌసి కొడుకు ఆచూకీ బ్రహ్మపురంలో దొరికింది. గిన్నె ఉంది, పంపిస్తాం అంటే, "ఉంచుకో అక్కా, మీ తెలుగు గిన్నె మా దగ్గరా ఉంది, మా ఆవిడ రోజూ పెరుగు తోడువేసేది అందులోనే" అన్నాడు. చెల్లెలి కూతురు వెళ్ళి ఆ గిన్నె పేరు రుద్దుకుని వచ్చింది. అది మా మేనత్త పేరు. ఆ గిన్నె పోయిందని ఆవిడ బతికున్నన్నాళ్ళూ వెతుక్కుంది.

ఇంకా గుణుపురంలో ఒక ఇల్లు, పాతపట్నంలో రెండిళ్ళు మిగిలాయి. గుణుపురం అత్త దగ్గర మా ముత్తవ్వ పేరున్న పెద్ద గుండిగ ఉందట. దసరా వెళ్ళేదాకా ఇవ్వనంది. సంతర్పణకు పులిహోర అన్నం అందులోనే వండాలని చెప్పింది.